ఆటలో యుద్ధం, ఇంట్లో కంగారు

మద్రాసులో పుట్టి పెరిగిన మనవాళ్లలో ‘ఎమ్డెన్’ అన్న మాట విననివారుండరు. మాటకారి, గడుసువాడు అయిన పిల్లవాణ్ణి చూసి “వీడొక ఎమ్డెన్” అంటారు. అది ఒక జర్మన్ యుద్ధనౌక పేరు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఆ నౌక మన రేవు దగ్గరికి వచ్చి నూరుకు పైగా గుండ్లు పేల్చింది. బర్మా ఆయిల్ కంపెనీ నూనె ట్యాంకులు అంటుకున్నాయి. గుండు తగిలిన చోట హైకోర్టు గోడకు ఫలకం కూడా పెట్టారు. వచ్చిన నౌక కాసేపట్లోనే వెళ్లిపోయింది గానీ, ఆ తరువాతి రోజుల్లో వేలమంది మూటాముల్లె సర్దుకుని ఊరు విడిచారు.

మళ్లీ 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ వెంటనే జపాను నౌకాదళం మద్రాసు మీదికి వస్తోందన్న కబురు పుట్టింది. జనం సంగతి సరే, ప్రభుత్వ కార్యాలయాలే లోపలి ఊళ్లకు తరలిపోయాయి. ఆ నౌకాదళం మాత్రం రాలేదు.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటారా? ఆనాటి కబురు చెవిన పడేది. ఈనాటి కబురు కంట పడుతోంది. చెవిన పడినదాన్ని నమ్మకపోయినా, కంటితో చూసినదాన్ని కాదనడం ఎవరికైనా కష్టమే కదా.

2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. అదేరోజు చెన్నై రేవులోనూ, కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రంలోనూ ముందుజాగ్రత్త కసరత్తులు జరిగాయి. 10వ తేదీన కాల్పులు ఆగేదాకా అందరి ఇళ్లలోనూ టీవీ ఆగలేదు, చేతిలో ఫోను దిగలేదు. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో హైదరాబాదు నుంచి అమెరికా దాకా నలభైమందిమి ఉన్నాం. 8వ తేదీ రాత్రి అందులోకి ఒక వీడియో వచ్చింది. చీకట్లో కొండ, దాని మీదికి దూసుకొచ్చే వెలుగులు, ఒక బండి భగ్గున మండడం. కింద “సరిహద్దులో మన శిబిరం” అని రాసి ఉంది. పంపినవారు మాకు దూరపు బంధువే. చెడ్డ ఉద్దేశమేమీ లేదు, తమకు వచ్చింది పదిమందికీ పంపారు, అంతే.

అదే గ్రూపులో మా వదిన కూడా ఉంది. ఆవిడ కొడుకు సైన్యంలో ఉన్నాడు, అప్పుడు జమ్మూ వైపు. రెండు రోజులుగా వాడి నుంచి ఫోను లేదు. వదిన ఆ వీడియోను ఎన్నిసార్లు చూసిందో తెలియదు. నేను, మా అబ్బాయి వెస్ట్ మాంబళంలో వాళ్లింటికి వెళ్లేసరికి కంచంలో అన్నం అలాగే ఉంది. ఫోను మా వాడి చేతికిచ్చి, “ఆ బండిలో ఎంతమంది ఉంటారురా?” అని అడిగింది.

ఇంజనీరింగు చదువుతున్న మా వాడికి కంప్యూటర్ ఆటలంటే ప్రాణం. ఆ విషయంలో మా ఇంట్లో రోజూ రామాయణమే. వాడు వీడియోను రెండుసార్లు చూసి, “ఇందులో ఎవరూ లేరు పెద్దమ్మా. ఇది ఆట. దీని పేరు ఆర్మా 3” అన్నాడు. ఆవిడ నమ్మలేదు. వాడు పరుగున ఇంటికి వచ్చి తన కంప్యూటర్ తీసుకువెళ్లి, అలాంటి కొండ, అలాంటి బండి, అలాంటి మంట తయారుచేసి చూపించాడు. అప్పటికి గాని వదిన మంచినీళ్లు పుచ్చుకోలేదు. కొడుకు ఫోను ఆ తరువాత మూడో రోజున వచ్చింది.

ఆ ఆట గురించి నేను తరువాత అడిగి తెలుసుకున్నది మీకూ చెబుతాను. చెక్ దేశంలోని బొహీమియా ఇంటరాక్టివ్ అనే కంపెనీ దాన్ని 2013లో విడుదల చేసింది. ‘ఓపెన్ వరల్డ్’ ఆట అంటారు. అంటే ఒకే దారిన పొమ్మనరు, ఆడేవాడు తన ఇష్టం వచ్చిన చోటికి నడవచ్చు, బండెక్కవచ్చు, ఎగరవచ్చు. అందులోని ఆల్టిస్ అనే దీవి 270 చదరపు కిలోమీటర్లట. నేటి మన చెన్నై కార్పొరేషన్ 426. గ్రీసు దేశపు లెమ్నోస్ దీవిని చూసి దాన్ని అల్లారు. 2012 సెప్టెంబరులో ఆ కంపెనీ ఉద్యోగులిద్దరిని, లెమ్నోస్‌లో సైనిక స్థావరాల ఫోటోలు తీశారన్న అభియోగం మీద గ్రీసులో అరెస్టు చేశారు. విహారానికి వచ్చామని వాళ్లు మొత్తుకున్నా నాలుగు నెలలకు గాని బెయిలు దొరకలేదు.

ఈ ఆటలో ఇంకో సౌకర్యం ఉంది. ఏ దేశపు దుస్తులు, ట్యాంకులు, విమానాలు కావాలన్నా ఆడేవాళ్లే తయారుచేసి చేర్చుకోవచ్చు. ఆట మీద ప్రేమతో కొందరు చేసిన ఈ పనే మోసగాళ్లకు కలిసివచ్చింది. 2021లో అఫ్ఘానిస్తాన్‌లోని పంజ్‌షీర్ మీద విమానదాడి అంటూ మన దేశపు టీవీ ఛానెళ్లు కొన్ని ఈ ఆట దృశ్యాన్నే ప్రసారం చేశాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం పేరుతో లెక్కలేనన్ని వచ్చాయి. చివరికి ఆ కంపెనీయే 2022 నవంబరులో ప్రకటన ఇచ్చింది, ఒక వీడియో తీయిస్తే పది పుట్టుకొస్తున్నాయని. 2025 మేలో మన ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ఫ్యాక్ట్ చెక్ విభాగం కూడా ఈ ఆట దృశ్యాలను నిజమని నమ్మవద్దని హెచ్చరించింది.

గుర్తుపట్టడానికి కంపెనీవారు చెప్పిన ఆనవాళ్లు కష్టమైనవేమీ కావు. బొమ్మ మసకగా ఉంటుంది. చీకట్లోనో, కెమెరా ఊగుతున్నట్టుగానో ఉంటుంది. చాలాసార్లు శబ్దం ఉండదు. మనుషులు కదలడం కనిపించదు. పొగ, దుమ్ము, మంట సహజంగా లేవవు. మా వాడు మండే బండిని చూపించి, “చూడండి నాన్నా, ఇంత మంటలోంచి ఒక్కడూ దూకలేదు” అన్నాడు. నిజమే, మేమెవరం అది గమనించలేదు.

ఇక్కడే నాకొక సంగతి తోచింది. యుద్ధపు ఆటలాడితే పిల్లలకు నిజానికీ ఆటకీ తేడా తెలియకుండా పోతుందని మనం బెంగపడతాం. రాత్రింబవళ్లు ఆడితే చదువు, కళ్లు, నిద్ర పాడవుతాయన్నది నిజమే, దానికి అదుపు ఉండాల్సిందే. కానీ ఆ రాత్రి మోసపోయింది ఆట ఎన్నడూ ముట్టని పెద్దవాళ్లు. తేడా పట్టింది ఆడేవాడు. అందుచేత మీ ఇంట్లో పిల్లలు ఏ ఆట ఆడుతున్నారో ఒకసారి పక్కన కూర్చుని చూడండి. తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికి. రేపు ఫోనులో మండే కొండ కనిపిస్తే “ఇది నిజమేనా?” అని అడగడానికి ఇంట్లోనే మనిషి ఉంటాడు.

మరో మనవి. మన గ్రూపుల్లో ఎవరి బిడ్డ ఎక్కడ కాపలా కాస్తున్నాడో మనకు తెలుసు. ఆ తల్లి చూస్తుందని ఒక్క క్షణం తలచుకుని, ఆ తరువాతే వేలు నొక్కండి.