కింద దుప్పటి.. పైన విసనకర్ర!

1971 అక్టోబరు 9. అప్పటి నెల్లూరు జిల్లా తీరంలోని శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ ఎగిరిన రోజది. రోహిణి-125 అనే ఆ చిన్న రాకెట్ ఏ ఉపగ్రహాన్నీ మోసుకెళ్లలేదు. ఇలాంటివాటిని సౌండింగ్ రాకెట్లంటారు. గాలిలో పైకి వెళ్లి కొలతలు తీయడమే వాటి పని. 2021 మార్చి 12న ఆర్‌హెచ్-560 కూడా అక్కడి నుంచే వెళ్లింది, పై వాతావరణంలోని గాలుల్ని పరిశీలించడానికి.

ఇంతకీ అంత ఎత్తున ఏముంది? భూమికి వంద కిలోమీటర్లు దాటితే గాలి మహా పల్చన. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు నేరుగా తగలడంతో, ఇంకా పైకెళితే దాని ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీలకూ చేరుతుంది.

మరి సూర్యుడికి మనకన్నా దగ్గరగా ఉండే శుక్రుడి సంగతి? పరిమాణంలో భూమికి దాదాపు కవల. నేల మీద 460 డిగ్రీల సెగ. పైన ఇంకెంత ఉండాలి! కానీ అక్కడ పగలు 30 డిగ్రీల దరిదాపులే. రాత్రయితే మైనస్ 170!

కారణం కార్బన్ డయాక్సైడ్. శుక్రుడి గాలిలో 96 శాతం అదే. కింద దట్టమైన గాలిలో అది దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది. పైన పల్చటి గాలిలోనేమో వేడిని పరారుణ కిరణాలుగా అంతరిక్షంలోకి వదిలేస్తుంది. అక్కడది విసనకర్ర అన్నమాట.

అంగారకుడిదీ అదే కథ. 2013లో శ్రీహరికోట నుంచి బయల్దేరిన మంగళయాన్‌లోని 'మెన్కా' పరికరం, మరుసటి ఏడాది డిసెంబరులో అక్కడి పై పొరను పరిశీలించింది. సాయంత్రం వేళ ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దరిదాపుల్లోనే ఉన్నట్టు తేలింది. బుధగ్రహం కన్నా పెద్దదైన శనిగ్రహపు చందమామ టైటన్ మీద ఈ విసనకర్ర పనిని హైడ్రోజన్ సయనైడ్ చేస్తుంది.

ఇదంతా మనకెందుకంటారా? పరిశ్రమలు రాకముందు మన గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. దాంతో కింద వేడి పెరుగుతుంటే, పైన గాలి చల్లబడి కుంచించుకుపోతోంది. ఉపగ్రహాలు తిరిగే ఎత్తులో ఇంకా పల్చబడుతోంది. పాత ఉపగ్రహాల్నీ రాకెట్ ముక్కల్నీ మెల్లగా కిందికి లాగేది ఆ గాలి రాపిడే. అది తగ్గితే ఆ చెత్త మరిన్ని ఏళ్లు పైనే తిరుగుతుంది. పనిచేసే ఉపగ్రహాలకు అది ముప్పే.

2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్ఎల్‌వీ చివరి దశను ఇస్రో 650 కిలోమీటర్ల ఎత్తు నుంచి 350కి దించింది. ఆపై గాలి రాపిడికి అది మార్చి 21న వాతావరణంలోకి వచ్చేసింది. ఊడ్చే చీపురు అరిగిపోతుంటే, ఎవరి చెత్త వాళ్లే దించుకోవాలి మరి!