వెనక్కి పంపగలిగేవాడే గైడు

మా తాతయ్యకి 71 ఏళ్ళు. స్టీల్ ప్లాంట్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. మనవడు ఇంజినీరింగ్‌లో చేరాడు, ఇల్లు కట్టేశారు, ఇంక ఆయనకి మిగిలింది ఒక్కటే కోరిక. కైలాసం చుట్టూ నడవాలి. కోవిడ్ వచ్చినప్పుడు ఆగిపోయిన యాత్ర ఐదేళ్ళ తరవాత 2025లో మళ్ళీ మొదలైందని టీవీలో చూసిన రోజు నుంచీ ఇంట్లో ఇదే మాట.

ప్రభుత్వం నడిపే యాత్రకి ఆయన వెళ్ళలేరు. దానికి వయసు 18 నుంచి 70 లోపు ఉండాలి, బీఎంఐ 25 దాటకూడదు. ఢిల్లీలో మెడికల్ టెస్టులు చేస్తారు, దారిలో కొంత ఎత్తుకి వెళ్ళాక మళ్ళీ చేస్తారు. తేడా వస్తే డబ్బు కట్టినా, సగం దారి వచ్చినా, వెనక్కే. "ఇంత చాదస్తం ఎందుకురా?" అన్నారు తాతయ్య. నాక్కూడా అప్పుడు అలాగే అనిపించింది.

అందుకని నేపాల్ మీదుగా తీసుకెళ్ళే ఒక ప్రైవేటు ప్యాకేజీ మాట్లాడారు. బ్రోచర్ అదిరిపోయింది. తెలుగు వంట, ఆక్సిజన్ సిలిండర్, గుర్రం, గైడు, అన్నీ ఉన్నాయి. ఆయన్ని వెనక్కి ఎవరు పంపుతారు అన్నది మాత్రం ఎక్కడా లేదు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క లైన్ గురించే.

ముందు కాస్త లెక్క చూద్దాం, మనం ఎలాగూ ఇంజినీరింగ్ వాళ్ళమే కదా. కైలాస శిఖరం ఎత్తు 6,638 మీటర్లు. దాన్ని ఎవరూ ఎక్కరు, చుట్టూ తిరిగి వస్తారు. ఆ పరిక్రమ సుమారు 52 కిలోమీటర్లు, మామూలుగా మూడు రోజులు పడుతుంది. రెండో రోజు దాటాల్సిన డోల్మా లా కనుమ దాదాపు 5,630 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే, మన ఆర్కే బీచ్‌లో ఉన్నట్టే. కానీ గాలి పీడనం సగానికి పడిపోతుంది. అంటే ఒక్కో శ్వాసకి ఇక్కడ దొరికే ఆక్సిజన్‌లో అక్కడ దొరికేది సగమే. శరీరం దానికి అలవాటు పడగలదు, కానీ రోజులు పడుతుంది. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందు రాత్రి కంటే 500 మీటర్లకి మించి ఎత్తులో ఉండకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలనీ డాక్టర్లు చెప్తారు. తాతయ్య చేతిలో ఉన్న బ్రోచర్‌లో మూడో రాత్రికే పడక 4,500 మీటర్ల దగ్గర!

"నేను జిమ్‌కి వెళ్తాను, నాకేం కాదు" అనుకునే మన బ్యాచ్‌కి కూడా ఒక మాట. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి ఫిట్‌నెస్‌తో సంబంధం లేదు. కుర్రాళ్ళకీ వస్తుంది. పైగా ఒంట్లో ఓపిక ఉందని తొందరగా ఎక్కేసేది కుర్రాళ్ళే. తలనొప్పితో మొదలై ఊపిరితిత్తుల్లోకి నీరు చేరేదాకా వెళ్తే మందులూ సిలిండరూ కాస్త టైమ్ ఇస్తాయి, అంతే. అసలు వైద్యం కిందికి దిగడమే.

ఇక్కడ మన ఊరి సంగతి చెప్పాలి.

ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహాచలం గిరి ప్రదక్షిణ జరుగుతుందని వైజాగ్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలెడితే అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, జోడుగుళ్ళపాలెం, అప్పుఘర్, ఇసుకతోట, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్ళీ తొలిపావంచాకి, మొత్తం 32 కిలోమీటర్లు. దారిలో కైలాసగిరి పక్కనుంచి వెళ్తాం, కైలాసపురం మీదుగా వస్తాం. "చూశావా, ఆయన ముందు ఇక్కడ రిహార్సల్ చేసుకోమంటున్నాడు" అని తాతయ్య జోక్. ఈ ఆషాఢంలో నిజంగానే రిహార్సల్‌కి బయల్దేరారు. గైడు నేనే.

అప్పుఘర్ దాకా బాగానే నడిచారు. సముద్రంలో కాళ్ళు తడుపుకున్నారు, ఎవరో పంచుతున్న పులిహోర తిన్నారు. ఇసుకతోట దగ్గరికి వచ్చేసరికి మాటలు తగ్గిపోయాయి. పది అడుగులకోసారి ఆగుతున్నారు. చెమట పట్టింది, పెదాలు పాలిపోయాయి. నాకు కనిపిస్తూనే ఉంది. "తాతయ్యా, ఆపేద్దామా?" అని అడగాలి. అడగలేకపోయాను. మొక్కు మధ్యలో ఆపమంటే ఏమంటారో అని ఒక భయం. ఇంకోటి కూడా ఉంది, నిజం చెప్పేస్తాను. ముందు నడుస్తున్న ఫ్రెండ్స్‌ని కలుసుకుని పూర్తి చేయాలని నాకూ ఉంది.

రోడ్డు పక్క మెడికల్ క్యాంపులో ఒక నర్సమ్మ ఆయన్ని చూసి తనే పిలిచింది. కుర్చీలో కూర్చోబెట్టి బీపీ చూసింది. రెండోసారి కూడా చూసింది. "ఇక్కడితో చాలు తాతా. మిగతాది రేపు గుళ్ళో తిరుగు. అప్పన్న ఎక్కడికీ పోడు" అంది. ఇంట్లో ఎవరి మాటా వినని మనిషి తలూపి ఆటో ఎక్కారు. ఆటోలో ఒక్క ముక్క మాట్లాడలేదు. అరగంట ముందే నేను అనాల్సిన మాట అది. ఆవిడకి మొహమాటం లేదు, మేం పూర్తి చేస్తే ఆవిడకి ఒరిగేదీ లేదు. అందుకే అనగలిగింది.

అప్పుడు అర్థమైంది, ప్రభుత్వ యాత్రలోది చాదస్తం కాదని. అక్కడ "నువ్వు ఇక వెళ్ళకూడదు" అని చెప్పడమే పనిగా ఒక డాక్టరు ఉంటాడు. ప్యాకేజీలో ఆ కుర్చీలో ఎవరున్నారు? మర్నాడు ఏజెంట్‌కి ఫోన్ చేసి అదే అడిగాను. "పైన మా తాతయ్యకి బాగోకపోతే వెనక్కి పంపాలని నిర్ణయించేది ఎవరండీ? తోడు ఎవరు దిగుతారు? మిగతా గ్రూపు ఆగుతుందా?" ఆయన నవ్వి, "అలాంటివేం జరగవు బాబూ, దేవుడి దగ్గరికి వెళ్తున్నప్పుడు పాజిటివ్‌గా ఆలోచించాలి" అన్నారు. ప్యాకేజీలన్నీ ఇలాగే ఉంటాయని నేననను. జాగ్రత్తగా నడిపేవాళ్ళూ ఉంటారు. ఈ ప్రశ్నకి వాళ్ళ దగ్గర జవాబు కూడా ఉంటుంది.

"అక్కడ పోతే మోక్షమే కదా" అంటారు కొందరు పెద్దవాళ్ళు. వాళ్ళ నమ్మకాన్ని నేను కాదనను. కానీ కొండ మీద ఒకరు పడిపోతే మోసేది ఇంకొకరు. 1998 ఆగస్టులో మాల్పా దగ్గర కొండచరియ విరిగిపడి రెండు వందల మందికి పైగా చనిపోయినప్పుడు, వాళ్ళలో అరవై మంది కైలాస యాత్రికులు. మిగిలినవాళ్ళలో సామాన్లు మోసే పోర్టర్లూ ఉన్నారు. వాళ్ళు మోక్షం కోసం కాదు, కూలి కోసం వచ్చినవాళ్ళు. మన మొండితనానికి వాళ్ళ ప్రాణం కూడా పూచీ పెట్టే హక్కు మనకి లేదు.

ఇంకోటి. వెనక్కి తిరగడం భక్తికి తక్కువేమీ కాదు. 32 కిలోమీటర్లు నడవలేనివాళ్ళు సింహాచలంలో గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తారు, వాళ్ళని ఎవరూ తక్కువగా చూడరు. కైలాసం సంగతే తీసుకోండి. ఆ కొండ పవిత్రత అంతా మనిషి శిఖరం దాకా వెళ్ళకుండా ఆగిపోవడంలోనే ఉంది. అలాంటి కొండ దగ్గరికి వెళ్ళి "ఎలాగైనా పూర్తి చేసి తీరాలి" అనుకోవడం కంటే వింత ఏముంటుంది?

తాతయ్య ఇంకా అడ్వాన్సు కట్టలేదు. మానుకోనూ లేదు. గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు, పొద్దున్నే నడుస్తున్నారు. నా మూడు ప్రశ్నలూ డైరీలో రాసుకుని ఇంకో ఇద్దరు ఏజెంట్లని అడుగుతున్నారు. "వచ్చే ఆషాఢానికి ముందు మన అప్పన్నది పూర్తి చేస్తాను, తరవాత శివుడి సంగతి చూద్దాం. కానీ ఒరేయ్, ఈసారి నువ్వు నోరు తెరవాలి" అన్నారు. తెరుస్తానని మాటిచ్చాను.

మీ ఇంట్లో కూడా అమ్మమ్మో, నాన్నో ఇలాంటి యాత్రకి పేరు ఇస్తుంటే ఫుడ్డు ఎలా ఉంటుంది, రూములు ఎలా ఉంటాయి అని అడిగే ముందు ఇది అడగండి: "వెనక్కి పంపేది ఎవరు?" జవాబుగా ఒక మనిషి పేరు చెప్తే డబ్బు కట్టండి. నవ్వి ఊరుకుంటే ఫోన్ పెట్టేయండి.