ధ్రువపత్రం సరే.. బావినీటికి పూచీ ఎవరిది?

పలాస: పర్యావరణ అనుమతి అనగానే ఉద్దానం తీరవాసులకు గుర్తొచ్చేవి సోంపేట, కాకరాపల్లి. 2010 జులై 14న సోంపేటలో థర్మల్ విద్యుత్కేంద్రాన్ని వ్యతిరేకించిన ప్రజలపై పోలీసులు జరిపిన కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. కాగితాల్లో పనికిరాని భూమిగా కనిపించిన బీల, నిజానికి వందలాది కుటుంబాలను పోషిస్తున్న చిత్తడి నేల. 2011 ఫిబ్రవరి 28న టెక్కలి ప్రాంతంలోని కాకరాపల్లిలోనూ అదే విషాదం పునరావృతమైంది. అనుమతి పత్రంలోని మాట, నేల మీది వాస్తవం ఒకటి కాకపోవచ్చునని జిల్లా ఇంత మూల్యం చెల్లించి తెలుసుకుంది.

ఆ పాఠం మళ్లీ అక్కరకు వచ్చే సమయమిది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల తవ్వకాలకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ మినహాయింపు ఇచ్చింది. భావనపాడు, కళింగపట్నం తీరాల ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌లతో పాటు అణు ఖనిజమైన మోనజైట్ కూడా ఉంది. నిలదీసి అడిగే సభే లేనప్పుడు ప్రజలకు మిగిలేది అధికారులు, సంస్థలు ఇచ్చే ధ్రువీకరణ ఒక్కటే. దాని బలమెంతో తెలియాలంటే కడప జిల్లా అనుభవాన్ని పరిశీలించాలి.

తుమ్మలపల్లె చెబుతున్నదేమిటి?

వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ భూగర్భ గనిని, ముడిఖనిజం శుద్ధి చేసే మిల్లును నెలకొల్పింది. 2006 సెప్టెంబరు 10న ప్రజాభిప్రాయ సేకరణ, 2007 నవంబరు 20న శంకుస్థాపన జరిగాయి. రోజుకు 3,000 టన్నుల సామర్థ్యంతో 2012లో మిల్లు పని మొదలైంది. ఇక్కడి రాయి సున్నపు జాతిది కావడంతో ఆమ్లానికి బదులు క్షార ద్రావణం వాడి, అధిక పీడనంలో యురేనియాన్ని వేరు చేస్తారు. టన్ను రాయిలో దొరికేది అర కిలో లోపే. మిగిలినదంతా బురదగా కె.కె.కొట్టాల సమీపంలోని వ్యర్థాల చెరువుకు చేరుతుంది. కనుక చెరువు అడుగున నీరు ఇంకనివ్వని పొర ఎంత పటిష్ఠంగా ఉందన్నదే అసలు ప్రశ్న.

బోర్ల నీరు పాడై అరటి తోటలు దెబ్బతిన్నాయని రైతులు ఆరోపించారు. ఆ పొర నిబంధనల మేరకు లేదంటూ 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇచ్చింది. కాలుష్యం లేదన్నది సంస్థ వాదన. యురేనియం ఉన్న రాతిపొరల నీటిలో సహజంగానే అది కొంత ఉండవచ్చు. గని రాకముందు ఏ బావిలో ఎంత ఉండేదో తెలిపే లెక్క గ్రామస్థుల చేతిలో ఉంటే తప్ప ఇలాంటి వివాదం తేలదు.

కొలిచేదెవరు? కొలబద్ద ఏది?

జల, వాయు కాలుష్యం కాలుష్య నియంత్రణ మండలి పరిధిలోనివి. రేడియేషన్ అణుశక్తి నియంత్రణ మండలిది. గనిలో భద్రత మరో శాఖది. అనుమతి షరతుల అమలుపై ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాల్సింది మాత్రం ప్రాజెక్టు యాజమాన్యమే. కొలబద్దలూ ఒక్కటి కావు. తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాముల యురేనియం మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అణుశక్తి నియంత్రణ మండలి రేడియోధార్మికత ప్రాతిపదికన పెట్టిన హద్దు 60. అంటే 45 మైక్రోగ్రాములున్న బావి ఒక లెక్కలో సురక్షితం, మరో లెక్కలో కాదు.

2025 ఆగస్టులో వచ్చిన పర్యావరణ ఆడిట్ నిబంధనలు నమోదిత ఆడిటర్లకు తనిఖీ బాధ్యత అప్పగించాయి. ఏ ఆడిటర్ రావాలో యాజమాన్యం ఎంచుకునే వీలుండదు. ఇది ఆహ్వానించదగినదే. అయితే ఆడిటర్ ఫ్యాక్టరీ గేటు వరకే వచ్చి వెళ్తే ఊరి బావికి ఒరిగేదేమీ ఉండదు.

ముందే కొలవాలి

ఉద్దానంలో కిడ్నీ వ్యాధి ఎందుకు ప్రబలిందో ఇప్పటికీ స్పష్టంగా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఇలాంటి చోట రేపు ఏ ఖనిజ పరిశ్రమ వచ్చినా, నీటిలో కనిపించే తేడా పాతదా, కొత్తదా అన్న వివాదం తప్పదు. అందుకే అనుమతికి ముందే వేసవిలో ఒకసారి, వర్షాల తరువాత మరోసారి బావి బావికీ నీటిని పరీక్షించాలి. ఫలితాలను తెలుగులో పంచాయతీ కార్యాలయం గోడపై అంటించాలి. నమూనాలో సగం గ్రామం తరఫున భద్రపరచాలి. దీనికయ్యే ఖర్చు ప్రాజెక్టు వ్యయంలో లెక్కలోకి రానిది. ఆ లెక్క లేకుండా ఇచ్చే ధ్రువపత్రం ఎంత పెద్ద సంతకంతో వచ్చినా, సోంపేట చూసిన జనానికి అది మరో కాగితమే.