ఓ స్త్రీ, రేపు రా! బండి ఇంకా రెడీ కాలేదు

బండి షెడ్డులో పడి ఉన్న రోజుల్ని వారంటీలోంచి కోయకూడదు. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇవాళ ఇంత రాస్తున్నాను. "బండి సంగతి నీకెందుకు, మామిడికాయ పప్పు గురించి రాయి" అనేవాళ్ళకి ముందే చెప్తున్నా, పప్పు వచ్చే వారం.

మా ఇంట్లో బండి ఉంది. కూరగాయల సంచి తగిలించుకునే బండి కాదు, టూరింగ్ బండి. పెద్ద ట్యాంకు, ఎత్తు సీటు, వెనక రెండు వైపులా సామాను పెట్టెలు. నాచారంలో బయల్దేరి డిండి దాటి మన్ననూర్ చెక్‌పోస్టు మీదుగా శ్రీశైలం వెళ్ళినా నడుం పట్టేయదు. (ఆ అడవి గేటు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, మళ్ళీ తెల్లవారి ఆరింటికే. వెళ్ళేవాళ్ళు లెక్క చూసుకుని బయల్దేరండి.) డౌన్ పేమెంటు నా చిట్టీ డబ్బు, కిస్తీలు మా వారి జీతం. కాబట్టి అది "ఆయన బండి" కాదు, మా బండి. ఇంకో మాట కూడా చెప్పాలి. వెనక సీట్లో కూర్చున్న ఆ నాలుగైదు గంటలు నన్ను ఎవరూ కాఫీ అడగరు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. అలాంటి గంటలు ఈ బండి వచ్చాకే దొరికాయి.

పద్నాలుగు వేల కిలోమీటర్లు తిరిగాక ఇంజన్ ఆయిల్ తగ్గడం మొదలైంది. ఎక్కడా కారడం లేదు, కానీ తగ్గుతోంది. తర్వాత సైలెన్సర్ నుంచి నీలం పొగ. ఫిబ్రవరి 3న ఉప్పల్‌లో, వరంగల్ రోడ్డు మీద ఉన్న సర్వీస్ సెంటర్‌లో అప్పజెప్పాం. మే 19న తిరిగి ఇచ్చారు. 105 రోజులు. ఈలోగా కిస్తీ నాలుగుసార్లు కట్టాం. నెలకి 7,400 చొప్పున 29,600 రూపాయలు. లేని బండికి.

ఆ 105 రోజుల్లో పని ఎంతసేపు జరిగిందో తెలుసా? విప్పడానికి ఒక రోజు, బిగించడానికి రెండు రోజులు. మిగతాదంతా ఎదురుచూపే. ముందు ఇంజన్ విప్పి ఫొటోలు తీసి కంపెనీకి పంపారు. తర్వాత ఏరియా మేనేజర్ వచ్చి కళ్ళతో చూడాలన్నారు. ఆయన నెలకోసారి వస్తాడట, ఆ నెల రాలేదు. చూశాక అప్రూవల్ రావాలి, అప్రూవల్ వచ్చాక పార్ట్ రావాలి. పార్ట్ వచ్చింది, కానీ అది వేరే మోడల్‌ది. వెనక్కి పంపి మళ్ళీ ఆర్డర్ పెట్టారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు చూడండి, ఇక్కడ దేవుడికీ పూజారికీ మధ్య ఒక కొరియర్ వాడు కూడా ఉన్నాడు.

"పార్ట్ వస్తుంది మేడం." బీఏలో మాకు తద్ధర్మార్థకం అని ఒకటి చెప్పారు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, ఆవు పాలిస్తుంది, అలాంటివి. అవి ఎప్పుడూ ఉండే ధర్మాలు, వాటికి తేదీ ఉండదు. తెలుగులో "వస్తుంది" అన్నప్పుడు రేపు వస్తుందనీ కావచ్చు, రావడం దాని స్వభావమనీ కావచ్చు. సర్వీస్ సెంటర్ వాళ్ళు చెప్పేది రెండోది. మా చిన్నప్పుడు ఊళ్ళో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్ళు, దయ్యం రోజూ వచ్చి అది చదువుకుని వెళ్ళిపోతుందని. మార్చి నెల మధ్యకి వచ్చేసరికి ఆ దయ్యం మీద నాకు జాలి పుట్టింది.

ఎందుకంటే వెళ్ళింది నేనే కదా! మా వారికి సెలవు దొరకదు. "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, ఒకసారి చూసి రా." ఈ వాక్యం మీ ఇంట్లో ఎన్నిసార్లు వినపడుతుందో మీరే లెక్కేసుకోండి. నాచారం చౌరస్తా నుంచి హబ్సిగూడకి షేర్ ఆటో, అక్కడ మెట్రో ఎక్కి ఎన్‌జీఆర్‌ఐ, స్టేడియం దాటి ఉప్పల్‌లో దిగడం, మళ్ళీ ఆ ఫ్లైఓవర్ స్తంభాల పక్కన దుమ్ములో ఇంకో ఆటో. పోను రాను, అక్కడ కూర్చోను కలిపి ఒక పూట. అలా 14 సార్లు వెళ్ళాను. వెళ్తే ఏమంటారు? "సార్‌ని మాట్లాడమనండి మేడం, టెక్నికల్ విషయం." ఆయిల్ ఎంత తగ్గుతోందో వారం వారం గాజు బిళ్ళలో చూసి నోట్‌బుక్‌లో రాసిందెవరు? నేను. ఆ నోట్‌బుక్ చూపిస్తే కూడా సార్ ఫోన్ నంబరే అడిగారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. బండితో ఒక చిన్న పుస్తకం ఇస్తారు. అందరూ దాన్ని బీరువాలో ఆర్‌సీ పక్కన పెట్టి మర్చిపోతారు. నేను కూర్చుని చదివాను. మా బండికి వారంటీ మూడేళ్ళు లేదా ముప్పై వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఒక్క సర్వీసు తప్పినా వర్తించకపోవచ్చు. బయట లైట్లు బిగించి వైరు కోస్తే వర్తించదు. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, చైను, ఫిల్టర్లు అరిగిపోయే వస్తువులు కాబట్టి వర్తించదు. టైర్లు, బ్యాటరీ వాటిని తయారుచేసిన వాళ్ళనే అడుక్కోవాలి. ఇవన్నీ ఒప్పుకుంటా, న్యాయమే. కానీ చివరి పేజీలో రెండు వాక్యాలున్నాయి. వారంటీలో మార్చిన పార్టుకి అసలు వారంటీలో మిగిలిన కాలమే వర్తిస్తుందట. బండి వాడుకోలేకపోవడం వల్ల కలిగిన ఏ నష్టానికీ కంపెనీ బాధ్యత లేదట.

అంటే మూడేళ్ళకి 1095 రోజులైతే, వాళ్ళ దగ్గరే పడి ఉన్న 105 రోజులూ నా ఖాతాలోంచి ఖర్చయిపోయాయి. దాదాపు పదో వంతు. రోజులు గడవడం ఆగలేదు, బండి తిరగడం ఆగింది. అసలు వాళ్ళు ఎంత ఆలస్యం చేస్తే వాళ్ళకి అంత లాభం. ఇంకో మూడు నెలలు తాత్సారం చేస్తే ఇంకో మూడు నెలల పూచీ తప్పుతుంది. మాట ఇచ్చినవాడు మాట నిలబెట్టుకోవడంలో ఆలస్యం చేస్తే ఆ నష్టం మాట పుచ్చుకున్నవాళ్ళ నెత్తిన పడే ఒప్పందం ఇంకెక్కడైనా చూశారా?

మన ఇళ్ళల్లో పాల లెక్క ఎలా ఉంటుంది? పాలవాడు మూడు రోజులు రాకపోతే క్యాలెండర్ మీద మూడు గీతలు గీస్తాం. నెలాఖరున ఆ మూడు రోజుల డబ్బు తీసేసి ఇస్తాం. వాడు కూడా కిక్కురుమనడు, అది ధర్మమని వాడికి తెలుసు. లీటరు పాల దగ్గర ఉన్న ధర్మం లక్షల బండి దగ్గర ఎందుకు లేదు?

ఊరికే నిలబెట్టిన బండికి ఏమీ కాదనుకుంటారేమో. అవుతుంది. బ్యాటరీ ఛార్జి దిగిపోతుంది, అలాగే వదిలేస్తే లోపల పాడవుతుంది. టైరు ఒకే చోట బరువు మోసి అక్కడ చదునవుతుంది. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు, అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. సగం ఖాళీ ట్యాంకుతో నెలల తరబడి ఉంచితే లోపల తుప్పు పడుతుంది. చైను ఎర్రబడుతుంది. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. మా బండి తిరిగొచ్చిన నాలుగో రోజుకే బ్యాటరీ పోయింది. అడిగితే "బ్యాటరీ వారంటీలో రాదు మేడం" అన్నారు. వాళ్ళ షెడ్డులో చచ్చిన బ్యాటరీకి నేను తద్దినం పెట్టాలి!

ఇది చెప్తే మా మరిది నవ్వాడు. "వదినా, అది విలాసం. 350 సీసీ దాటిన బండికి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతం చేశారు. విలాసమని సర్కారే చెప్పింది కదా, కాస్త ఓపిక పట్టాలి" అని. సరే, విలాసమే అనుకుందాం. పట్టుచీర విలాసం కాదా? జరీ నెలకే నల్లబడితే షాపువాడి ముందు ఆ చీర పరచి అడగమా, లేక విలాసం కదా అని మడిచి పెట్టుకుంటామా? పైగా ఎక్కువ పన్ను కట్టినవాళ్ళు తక్కువ అడగాలన్న లెక్క నాకు అర్థం కాలేదు.

మా నాన్నది ఇంకో తరహా. వాళ్ళ కాలంలో స్కూటర్ బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు, అందుకని ఆయనకి 105 రోజులంటే ఒక లెక్కే కాదు. కానీ నాన్నా, అప్పుడు బండి రావడానికి ఏళ్ళు పట్టేది, వచ్చాక వీధి చివర మెకానిక్ సాయంత్రానికి బాగుచేసి ఇచ్చేవాడు. ఇప్పుడు బండి పది రోజుల్లో వస్తోంది, పార్ట్ మూడు నెలలకి వస్తోంది. అమ్మేటప్పుడు ఉన్న చురుకు బాగుచేసేటప్పుడు ఉండటం లేదు. వీధి మెకానిక్ దగ్గరికి వెళ్దామా అంటే ఇంజన్ బయట విప్పితే వారంటీ పోతుంది.

షెడ్డులో పనిచేసే పిల్లల్ని నేను ఒక్క మాట అనను. వాళ్ళలో ఒక కుర్రాడు చెప్పాడు, వారంటీ పనికి కంపెనీ నుంచి వచ్చే కూలి తక్కువట, అందుకని డబ్బు కట్టే బండి ముందు, వారంటీ బండి వెనక. ఆ వరుస పెట్టింది వాడు కాదు. నూనె చేతులతో మధ్యాహ్నం మూడింటికి అన్నం తింటున్న పిల్లాడి మీద అరిస్తే మనకేం వస్తుంది?

ఇదేదో జరగని పని అడుగుతున్నానని అనుకోవద్దు. కాలిఫోర్నియాలో (మన పిల్లలు సగం మంది అక్కడే ఉన్నారు కదా, అడిగి చూడండి) సాంగ్-బెవర్లీ చట్టమని ఒకటుంది, 1970 నాటిది. దాని ప్రకారం వస్తువు రిపేరులో ఉన్నంతకాలం వారంటీ గడియారం ఆగాలి. యూరోపియన్ యూనియన్ 2024లో ఇంకో అడుగు ముందుకేసింది. చట్టప్రకారం ఉన్న గ్యారంటీలో కొత్త వస్తువు వద్దు, రిపేరు చాలు అని కొన్నవాళ్ళు ఒప్పుకుంటే గ్యారంటీ మరో ఏడాది పెరుగుతుంది. మన దగ్గర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న "రైట్ టు రిపేర్" పోర్టల్ మొదలుపెట్టింది. మంచిదే. కానీ ఆగిన రోజుల్ని వారంటీకి కలపాలన్న ఒక్క ముక్క రూల్‌గా పెడితే ఈ తాత్సారం సగం తగ్గుతుంది. ఆలస్యానికి వాళ్ళకి ఖర్చు తగిలితే పార్ట్ అదే పరుగెత్తుకొస్తుంది.

ఇక నా 14 పూటలు. ఆ ఖర్చు ఎవరి పుస్తకంలోనూ లేదు. కేంద్రం 2024లో చేసిన సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారు. సర్వీస్ సెంటర్ సోఫాలో కూర్చోవడం ఆ 289లో ఎక్కడుందో నాకు తెలీదు. ఇంట్లో ఆవిడ ఉంటుంది కదా, వస్తుంది, కూర్చుంటుంది, పోతుంది. ఈ ధీమా మీదే వాళ్ళ వ్యాపారం నడుస్తోంది. కానీ కోర్టు అలా అనుకోలేదు. ఢిల్లీలో మోటార్‌సైకిల్ మీద వెళ్తున్న దంపతులు కారు గుద్ది చనిపోయిన కేసులో, 2021 జనవరిలో సుప్రీంకోర్టు గృహిణి పనికి విలువ కట్టాల్సిందే అంది. మన తెలుగాయన జస్టిస్ ఎన్.వి.రమణ దాని మీద ప్రత్యేకంగా రాశారు. చనిపోయాక కట్టే విలువని బతికుండగా ఒక పూటకైనా కట్టమంటే తప్పా?

అందుకని బండి ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద తేదీ, తిరిగిన కిలోమీటర్లు, ఫిర్యాదు మీ మాటల్లో రాయించుకుని కాపీ తీసుకోండి. "పార్ట్ వస్తుంది" అంటే ఎప్పుడో మెయిల్‌లో రాసివ్వమనండి. తిరిగి తీసుకునేటప్పుడు కూడా తేదీ వేయించండి. ఆ రెండు తేదీల మధ్య ఉన్నదే మీ కేసు. ముందు 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు, కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. సమస్య తలెత్తిన రెండేళ్ళలోపు వేయాలి. వస్తువుకి కట్టిన ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. "ఈ-జాగృతి" సైట్‌లో ఇంటి నుంచే వేయొచ్చు, లాయరు ఉండి తీరాలనేం లేదు.

నేను కంపెనీకి మెయిల్ పెట్టి పదకొండు రోజులైంది. వారంటీకి 105 రోజులు కలపమనీ, బ్యాటరీ డబ్బు ఇమ్మనీ. "మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది సార్" అని జవాబు వచ్చింది. కింద సంతకం చేసింది నేనే, ఆడపేరే. 1915లో ఫిర్యాదు నమోదైంది. కమిషన్‌కి ఇవ్వాల్సిన కాగితం కూడా నిన్న రాత్రి డైనింగ్ టేబుల్ మీద రాసేశాను. 105 రోజులు, బ్యాటరీ, ఆటో మెట్రో ఖర్చులు అన్నీ వేశాను. ఉప్పల్ వెళ్ళొచ్చిన 14 పూటలకి పూటకి ఎంత వేయాలన్న దగ్గర ఆగింది. మా వారు మూడొందలు వేయమన్నారు. నేను ఒప్పుకోలేదు.