ఇంగ్లీషు మందుచీటీలో కాలము, కొలత



జహీరాబాదు 1956 వఱకు బీదరు జిల్లాలోనిది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోనిది. ఆ ఊరి బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ మాటలు వినబడును. ఇంట ఏ భాష మాటలాడినను, మందుసీసాపై నుండునది మాత్రము ఇంగ్లీషే. కావున ఈ మాసము ఆ భాషలో ‘ఎన్ని మాఱులు’, ‘ఎంత’ యను వానిని తెలిపెడి మాటలను విచారింతము.

‘సిక్స్ టైమ్స్ ఎ డే’ యనగా దినమునకు ఆఱు మాఱులు. ‘ఎవ్రీ సిక్స్ అవర్స్’ అనగా ఆఱు గంటల కొకమాఱు. అనగా దినమునకు నాలుగు మాఱులే. ‘సిక్స్’ అను మాటను మాత్రమే చూచి మందిచ్చినచో, నాలుగు మోతాదులకు మాఱుగా ఆఱు మోతాదులు కడుపులోనికి పోవును.

‘డైలీ’ యనగా ప్రతిదినము. ‘వీక్లీ’ యనగా వారమున కొకమాఱు. కీళ్ళవాతమునకు వైద్యులిచ్చు మెథోట్రెక్సేటు మాత్ర వారమున కొకమాఱు పుచ్చుకొనవలసినది. పొరపాటున దానిని ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము కలుగును. ‘బైవీక్లీ’ యను మాటకు ఇంగ్లీషువారికే రెండర్థములు గలవు: వారమునకు రెండు మాఱులు, రెండు వారముల కొకమాఱు. మన తెలుగులో ఈ సందేహమునకు తావులేదు.

ఇక కొలత. ‘టీస్పూను’ 5 మిల్లీలీటర్లు, ‘టేబిల్ స్పూను’ 15 మిల్లీలీటర్లు. టీస్పూనునకు బదులు టేబిల్ స్పూను వాడినచో బిడ్డకు మూడింతల మందు పోయుదుము. వంటింటి చెంచాలన్నియు నొక్క కొలతవి కావు. సీసాతో నిచ్చిన కొలతగిన్నెయే మేలు.

చదువుకొను బాలికలకు మఱియొక చిక్కు గలదు. మనకు పాలు, నీళ్ళు బహువచనములు, ‘పాలున్నవి’ యందుము. ఇంగ్లీషున నవి లెక్కింపరానివి గనుక ‘మెనీ’ చెల్లదు, ‘మచ్’ అనవలెను. ‘ఎ లిటిల్ మిల్క్’ అనగా కొంచెము పాలున్నవని. ‘లిటిల్ మిల్క్’ అనగా పాలు లేనట్లేయని. ఒక్క ‘ఎ’ కారము చేత అర్థము తలక్రిందులగును.

మందు కొనునపుడు మూడు ప్రశ్నలు తప్పక యడుగుడు: ఎంత? ఎన్ని గంటల కొకమాఱు? ఎన్ని దినములు? ఆ జవాబును మీకు వచ్చిన భాషలో పొట్లముపై వ్రాయించుకొనుడు. వైద్యుడు ‘జ్వరము ఎన్నిమాఱులు వచ్చినది?’ అనినపుడు ‘తఱచుగా’ యనక, దినములను లెక్కించి చెప్పుడు. అంకెతో చెప్పిన మాట ఏ భాషలోనైనను తేటపడును.