పిలుపు జపాన్‌ది, షరతు మనది

రాయికల్, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వలస దారుల్లోకి జపాన్ కొత్తగా వచ్చి చేరింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి జపాన్ పర్యటనలో ఉండగా, విదేశీ ఉపాధి కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన టామ్‌కామ్ అక్కడ రెండు సంస్థలతో ఒప్పందాలు కుదుర్చుకుంది. మొత్తం సుమారు 500 ఉద్యోగాలు. నర్సింగ్, ఆరోగ్య సేవల్లో 200. ఇంజినీరింగ్, ఆతిథ్యం, నిర్మాణ రంగాల్లో నూరేసి. అదే ఏడాది ఆగస్టులో భారత్, జపాన్ ప్రధానులు ఇంకా పెద్ద లెక్క ప్రకటించారు. ఐదేళ్లలో రెండు దేశాల మధ్య 5 లక్షల మంది రాకపోకలు సాగించాలని, వారిలో 50 వేల మంది నైపుణ్యం గల భారతీయులు జపాన్‌కు వెళ్లాలని లక్ష్యం పెట్టుకున్నారు. దుబాయి తప్ప మరో దారి ఎరగని పల్లెలకు ఇది మంచి కబురే. కానీ దారి మారినంత మాత్రాన తలరాత మారదు. గల్ఫ్‌కు పంపినట్టే అప్పు నెత్తికెత్తి, ఒక్క యజమానికి కట్టేసి, విమానం ఎక్కాక మరిచిపోయే పద్ధతిలో జపాన్‌కూ పంపితే జరిగేది పాత కథే. షరతులు రాసుకోకుండా ప్రభుత్వం ఒక్క మనిషినీ పంపకూడదు.

ఇక్కడి మనిషి సరదాకు ఊరు విడిచిపోలేదు. సిరిసిల్ల నేతన్న ముందు భివండీ, సూరత్, షోలాపూర్ చూశాడు. ఆ తర్వాత దుబాయి పట్టాడు. మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి 2015 డిసెంబరులో తాళం పడితే, చెరుకు వేసిన రైతూ ఫ్యాక్టరీ కార్మికుడూ ఒకేసారి దిక్కు వెతుక్కున్నారు. మగవాళ్లు ఎడారిలో ఉంటే, ఇంటి దగ్గర ఆడవాళ్లు బీడీలు చుట్టి వీసా అప్పుకు మిత్తి కట్టారు. కఫీల్ (గల్ఫ్ యజమాని), అకామా (నివాస అనుమతి), ఆజాద్ వీసా (పేరుకే యజమాని ఉండే వీసా), ఖల్లివెల్లి (యజమానిని వదిలి పారిపోవడం), అవుట్‌పాస్ (ఇంటికి రావడానికి ఇచ్చే అత్యవసర పత్రం) అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఊళ్లు ఇవి. ఇంత అనుభవం ఉన్నవాళ్లకు జపాన్ గురించి చెప్పవలసి వచ్చేసరికి పెద్దలు ఒక నీతికథ అందుకుంటున్నారు: వాళ్లు నిమిషం ఆలస్యం కారు, గంటలు చూసుకోకుండా పనిచేస్తారు, అందుకే ఆ దేశం ఎదిగింది, మనమూ అట్లా ఒళ్లు వంచాలి!

ఈ కథకు మన దేశంలో గొప్ప ప్రచారకర్తలున్నారు. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి అన్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్, జర్మనీ ప్రజలు అదే చేశారని గుర్తుచేశారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి నోట వచ్చిన అంకె 90. సాంచాల (మరమగ్గాల) మోతలో పన్నెండు గంటల షిఫ్టు నిలబడే సిరిసిల్ల కార్మికుడికి ఇందులో కొత్తేముంది? వారానికి ఆరు రోజులు వేసుకున్నా అతని లెక్క 72 గంటలు. గంటలు పెంచితే సంపద పెరిగేదే అయితే సిరిసిల్ల ఈపాటికి ఒసాకా అయి ఉండాలి.

గంటల కొద్దీ పని గొప్పతనమన్న కథను నమ్మినందుకు జపాన్ ఎంత మూల్యం చెల్లించిందో ఈ ప్రచారకర్తలు చెప్పరు. అతిపనితో ప్రాణం పోవడాన్ని అక్కడ కరోషి అంటారు. 1988లో లాయర్లు బాధితుల కోసం టెలిఫోన్ సహాయ కేంద్రం తెరిస్తే, భర్తలను పోగొట్టుకున్న భార్యలు వరుసగా ఫోన్లు చేశారు. ఆ కుటుంబాలు కంపెనీల మీద, కార్మిక శాఖ మీద ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడాయి. 2014లో కరోషి నివారణ చట్టం వచ్చిందంటే వాళ్ల పట్టుదల వల్లే. మరుసటి ఏడాది డిసెంబరులో, ప్రకటనల రంగంలో దిగ్గజమైన డెంట్సులో చేరి ఏడాదైనా నిండని 24 ఏళ్ల ఉద్యోగిని ప్రాణం తీసుకుంది. అది పని వల్ల జరిగిన మరణమేనని కార్మిక అధికారులు తేల్చారు, కంపెనీ ఆఫీసుల్లో సోదాలు చేశారు. 2017లో కోర్టు విధించిన జరిమానా 5 లక్షల యెన్లు. అంత పెద్ద సంస్థకు అది చిల్లర కిందే లెక్క. జనాగ్రహం ఆగలేదు. 2018లో చేసిన చట్టం ఓవర్‌టైమ్‌ను నెలకు 45 గంటలకు, ఏడాదికి 360 గంటలకు పరిమితం చేసింది. పని ఎంత ముమ్మరంగా ఉన్నా ఒక నెలలో 100 గంటలకు, ఏడాదిలో 720 గంటలకు మించకూడదని, మించితే శిక్ష తప్పదని రాసింది. నిర్మాణ కార్మికులు, లారీ డ్రైవర్లు, డాక్టర్ల విషయంలో గడువిచ్చి, 2024 ఏప్రిల్ నుంచి వాళ్లకూ వేర్వేరు హద్దులు పెట్టింది.

దీంతో జపాన్ స్వర్గమైపోలేదు. పని ఒత్తిడితో మానసికంగా జబ్బుపడ్డారని అక్కడి ప్రభుత్వం ఒప్పుకుని పరిహారం ఇచ్చిన కేసులు 2024 ఆర్థిక సంవత్సరంలో తొలిసారి వెయ్యి దాటాయి. 2025 అక్టోబరులో అధికార పార్టీ నాయకురాలిగా ఎన్నికైన సనాయె తకాయిచి, పని తప్ప మరో మాట తనకు లేదని, విశ్రాంతికీ పనికీ మధ్య సమతూకాన్ని తాను పక్కన పెడుతున్నానని ప్రకటించారు. ప్రధాని పీఠం ఎక్కగానే ఓవర్‌టైమ్ పరిమితుల సడలింపును పరిశీలించమన్నారు. కరోషి బాధితుల పక్షాన నిలిచే లాయర్లు ఊరుకోలేదు, బహిరంగంగా ఖండించారు. అంటే పని సంస్కృతి అనేది ఒక జాతి రక్తంలో ఉండే గుణమేమీ కాదు. యజమాని ఎంత లాగుతాడు, కార్మికుడు ఎంత నిలదీస్తాడు, చట్టం ఎటువైపు నిలుస్తుంది అన్నదాన్ని బట్టి అది అటూ ఇటూ జరుగుతుంది.

మనం తలదించుకోవలసిన తేడా ఇక్కడే ఉంది. పనివల్ల పోయిన ప్రాణాన్ని జపాన్ ప్రభుత్వం ఏటా లెక్కగట్టి అచ్చువేస్తుంది. మన ఊళ్లకు గల్ఫ్ నుంచి వచ్చే శవపేటికతో పాటు వచ్చే కాగితంలో చాలాసార్లు ‘గుండె ఆగి’ అనో, ‘సహజ మరణం’ అనో రెండు ముక్కలుంటాయి. ముప్పై అయిదేళ్ల మనిషికి గుండె ఎందుకు ఆగింది? చివరి నెలలో ఎన్ని గంటలు పనిచేశాడు? ఎండాకాలం మధ్యాహ్నాల్లో బయట పని చేయించకూడదని ఖతార్, సౌదీ, యూఏఈ చట్టాలు చెబుతున్నాయి కదా, అతని సైటులో అది అమలైందా? అడిగే అధికారి లేడు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇస్తామంటూ రాష్ట్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది, ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి తెరిచింది. ఏళ్ల తరబడి వినని మొర విన్నందుకు మెచ్చుకోవాలి. కానీ చెక్కు చేతిలో పెట్టి ఫైలు కట్టేస్తే తర్వాతి శవపేటిక ఆగదు. జపాన్‌లో చట్టం పుట్టింది ‘ఎందుకు చనిపోయాడు’ అన్న ప్రశ్న నుంచి. ఆ ప్రశ్నను జగిత్యాల కలెక్టరేటు కూడా రాతపూర్వకంగా వేయాలి.

జపాన్‌కు వెళ్లేవాళ్లకు మరో హెచ్చరిక. ఆ దేశంలో సొంత పౌరుడి కథ ఒకటి, బయటి కూలీ కథ ఇంకొకటి. నైపుణ్యం నేర్పుతామంటూ 1993లో మొదలుపెట్టిన ‘టెక్నికల్ ఇంటర్న్’ పథకం నిజానికి పొలాలకు, కుట్టు ఫ్యాక్టరీలకు, నిర్మాణ సైట్లకు చవక కూలీలను సరఫరా చేసింది. వచ్చినవాళ్లు మామూలుగా మూడేళ్ల దాకా యజమానిని మారడానికి వీల్లేదు. వీరిలో సగానికి పైగా అప్పు చేసే వచ్చారని, ఆ అప్పు సగటున 5 లక్షల యెన్లు దాటిందని 2022లో జపాన్ ప్రభుత్వ సర్వేలోనే తేలింది. ఒక్క 2023లో 9,700 మందికి పైగా పనిచోటు వదిలి పారిపోయారు. రాయికల్ మాటల్లో చెప్పాలంటే ఖల్లివెల్లి అయ్యారు. వాళ్లలో ఎక్కువమంది వియత్నాం పిల్లలు. దేశం వేరు, భాష వేరు. ముడి మాత్రం అదే. నెత్తిన అప్పు, మారడానికి వీల్లేని ఒక్క యజమాని. జపాన్ పార్లమెంటు 2024 జూన్‌లో ఆ పథకాన్ని రద్దుచేసే చట్టం చేసింది. కొత్త పద్ధతి 2027లో అమల్లోకి వస్తుంది. కాబట్టి మన పిల్లలు ఏ వీసా మీద వెళ్తున్నారన్నదే అసలు ప్రశ్న. 2019లో తెచ్చిన ‘స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్’ వీసాలో అదే రంగంలో యజమానిని మార్చుకోవచ్చు. దీనిపై 2021 జనవరిలో మన దేశం జపాన్‌తో ఒప్పందం కూడా చేసుకుంది. అయితే ఇందులోనూ మొదటి తరగతి వీసాకు అయిదేళ్లే గడువు, భార్యాబిడ్డలను తీసుకెళ్లే వీలు లేదు. ఈ సంగతి సంతకం పెట్టకముందే చెప్పాలి.

ఇంకో లోపం మన చట్టంలోనే ఉంది. గల్ఫ్‌కు వెళ్లే పదో తరగతి పాసవని కార్మికుడికి వలస అనుమతి తప్పనిసరి. దానితో పాటు 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా, కనీస వేతన నిబంధన కూడా వస్తాయి. అనుమతి అక్కర్లేని దేశాల్లో జపాన్ ఒకటి. అక్కడికి వెళ్లే కార్మికుడికి ఆ కొద్దిపాటి గొడుగూ లేదు. రాష్ట్రం ఇచ్చే 5 లక్షల పరిహారమూ గల్ఫ్ దేశాల వరకే. కేంద్రం 2025 అక్టోబరులో బయటపెట్టిన కొత్త వలస బిల్లు ముసాయిదా ఈ ఖాళీని పూడ్చకపోతే దానికి అర్థం లేదు. కేంద్రాన్ని ఇంత గట్టిగా అడగడానికి కారణముంది. 2020 సెప్టెంబరులో, కరోనా దెబ్బకు కార్మికుడు కుదేలై ఉన్నప్పుడు, గల్ఫ్‌కు వెళ్లే భారతీయుల కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా కోసింది మన విదేశాంగ శాఖే. తెలంగాణ హైకోర్టులో పిటిషన్ పడ్డాక, 2021 జులైలో వెనక్కి తీసుకుంది. మన మనిషి ధరను పరాయి కఫీల్ కన్నా ముందు మన సర్కారే తగ్గించిన చరిత్ర అది.

గట్టిగా షరతులు పెడితే జపాన్ మరో దేశం చూసుకుంటుందని కొందరు భయపెడతారు. భయపడవలసిన పరిస్థితి మనది కాదు. జనాభా తరిగిపోతున్న ఆ దేశంలో 2024 అక్టోబరు నాటికే విదేశీ కార్మికులు 23 లక్షలు దాటారు. ముసలివాళ్లను చూసుకోవడానికి మనుషులు దొరకడం లేదు. పైగా 2021 మొదట్లో డాలరుకు 105 దగ్గర ఉన్న యెన్ 2024 జులైలో 160 దాకా పడింది. ఇంటికి పంపే డబ్బు కరిగిపోతుంటే వియత్నాం యువత కొరియా, తైవాన్ వైపు చూస్తోంది. జపాన్ సగటు కనీస వేతనం 2025లో గంటకు 1,121 యెన్లు. రోజుకు 8 గంటల చొప్పున నెలకు 22 రోజులు చేస్తే దాదాపు 1,97,000 యెన్లు, రూపాయల్లో లక్షకు పైమాటే. పన్ను, బీమా, ఇంటి అద్దె పోగా మిగిలేది ఎంతో కుటుంబానికి ముందే కాగితం మీద చూపించాలి.

బయటి దేశాన్ని నిలదీసే ముందు ఇంటినీ సరిచేసుకోవాలి. ఓవర్‌టైమ్‌కు జపాన్, చాలా గల్ఫ్ దేశాలు మామూలుగా పాతిక శాతం ఎక్కువ ఇస్తే, మన చట్టం రెట్టింపు ఇవ్వమంటుంది. కాగితం మీద మనమే ఉదారులం. జపాన్‌లో కార్మిక తనిఖీ అధికారికి పోలీసుకున్నట్టు దర్యాప్తు అధికారం ఉంటుంది. మన సాంచాల షెడ్డులోకి తొంగిచూసే అధికారే కనిపించడు. వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి వీలు కల్పిస్తూ 2025 జులైలో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటల హద్దు ఉందిగా అంటున్నారు. గంటల లెక్క రాసే పుస్తకం, దాన్ని చూసే మనిషి లేనిచోట ఆ హద్దు ఎవరికి తెలుస్తుంది?

అందుకే ప్రభుత్వం ముందు మా డిమాండ్లు స్పష్టం. టామ్‌కామ్ ద్వారా వెళ్లేవారి దగ్గర ఏజెంటు గానీ, సబ్ ఏజెంటు గానీ ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఖర్చు జపాన్ యజమానో ప్రభుత్వమో భరించాలి. జపనీస్ భాష నేర్చుకోవడానికి రాయికల్ పిల్ల హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకునే అవసరం రాకుండా, జగిత్యాల, సిరిసిల్ల ఐటీఐలలో ఉచితంగా నేర్పాలి. యజమానిని మార్చుకునే హక్కు లేని ఏ వీసా మీదా మనవాళ్లను పంపకూడదు. పని గంటలు, కోతలు, సెలవులు రాసిన ఒప్పందం తెలుగులో చేతికివ్వాలి. 5 లక్షల పరిహారాన్ని జపాన్‌తో సహా అన్ని దేశాలకూ వర్తింపజేయాలి. పరాయి దేశంలో చనిపోయిన ప్రతి జిల్లావాసి మరణానికి కారణాన్ని, పని గంటలను విచారించి ఏటా శాసనసభ ముందు పెట్టాలి. ఇవన్నీ జపాన్‌కు ఎంతో గల్ఫ్‌కూ అంతే. నేటికీ మనవాళ్లలో ఎక్కువమంది ఉన్నది అక్కడే. రాయికల్ మనిషికి కష్టపడటం ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ కష్టానికి లెక్క అడగడం ప్రభుత్వం నేర్చుకోవాలి. తర్వాతి బృందానికి వీసాలు రాకముందే ఆ పని మొదలుపెట్టాలి.