నీటిరంగులు నేర్పే ఓర్పు

ఉస్మానియా విశ్వవిద్యాలయానికి తార్నాక మీదుగా వచ్చే విద్యార్థులు 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనాన్ని నిత్యం చూస్తూనే ఉంటారు. ఆ గులాబీవన్నె రాతి సౌధాన్ని నీటిరంగులలో చిత్రించబూనితే గాని చూడటమంటే ఏమిటో తెలియదు.

తొలుత పెన్సిలుతో పలుచని రేఖలు. పిదప ఆకాశానికీ రాతికీ లేత పూత. అది బాగా ఆరిన తరువాతనే చెట్ల నడిమి ఛాయలు. కట్టకడపట ముఖద్వారం లోపలి చీకటి. ఆరకముందే తొందరపడితే రంగులు కలగాపులగమవుతాయి. తైలవర్ణంలో వలె తెలుపును పైన పులిమే పద్ధతి ఇది కాదు. కాగితపు తెలుపే ఇందులో వెలుగు. ఎండపొడ పడిన చోటును మొదటినుండీ కాపాడుకోవాలి.

ఈ ఓర్పు ఏ చదువుకైనా అవసరమే. కావున చిత్రలేఖనాన్ని కేవలం కాలక్షేపంగా భావింపక, కళాశాల పాలకవర్గంవారు వారానికొక సాయంత్రమైనా విద్యార్థులకు ఆరుబయట చిత్రరచన నేర్పించాలని నా మనవి. దీనికయ్యే వ్యయం స్వల్పం. ఫలం జీవితాంతం నిలిచేది.